అమ్మ నీలిమందు, అద్దాల బీరువాలో జెర్సీ

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నమైతే మా ఊరంతా గ్రౌండ్ దగ్గరే ఉండేది. జర్మనీలో డెగ్గెన్‌డార్ఫ్ పట్నం నుంచి బస్సులో ఇరవై నిమిషాలు... ఒక చర్చి, ఒక బేకరీ, చుట్టూ మొక్కజొన్న చేలు. అంత చిన్న ఊరికి సొంత ఫుట్‌బాల్ టీమ్ ఉందంటే నమ్ముతారా?

నాన్న డెగ్గెన్‌డార్ఫ్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసేవారు. నిజామాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఆడిన ఆటను నమ్ముకుని ఆ టీమ్‌లో చేరారు. ఎప్పుడూ బెంచీ మీదే కూర్చునేవారనుకోండి... అయినా జెర్సీ వేసుకున్న రోజు ఆయన నడకే వేరు.

మాది జిల్లా లీగ్‌లో అట్టడుగు తరగతి. ఒకసారి టీవీలో పెద్ద స్టేడియం చూపిస్తుంటే వాళ్లకూ మనకూ ఏం సంబంధమని అడిగాను. నాన్న నన్ను మేడమెట్ల దగ్గరికి తీసుకెళ్లి కింది మెట్టు మీద నిలబెట్టారు.

"మనం ఈడున్నం బిడ్డా. వాళ్లు పైన. నడుమ మెట్లే ఉన్నయి గానీ గోడల్లేవు. గెలుస్తా పోతే ఎక్కుడే."

ఏటా గెలిచినవాళ్లు ఒక మెట్టు ఎక్కుతారట, ఓడినవాళ్లు దిగుతారట. మా ఊరి బేకరీ అబ్బాయి కూడా గెలుస్తూ పోతే ఆ స్టేడియం దాకా వెళ్లొచ్చన్నమాట! ఎన్ని రోజులు ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆశ్చర్యపోయానో.

ఈ లెక్కలన్నీ రాసిపెట్టేది సెప్ తాత. ఒకప్పుడు ఈ టీమ్‌కే గోల్‌కీపర్. క్లబ్ గదిలో ఆయన దగ్గర లావుపాటి నోటుపుస్తకాలు ఉండేవి... మొదటివి ఆయన నాన్న చేతిరాత. ప్రతి మ్యాచ్‌కీ ఒక పేజీ. గోల్ కొట్టినవాళ్లే కాదు, సున్నంతో గీతలు గీసింది ఎవరు, సాసేజ్‌లు కాల్చింది ఎవరు, జెర్సీలు ఉతికింది ఎవరు... అందరి పేర్లూ ఉండేవి. టీమ్ ఒక మెట్టు ఎక్కిన ఏడు మాత్రం ఎర్ర సిరాతో రాసేవారు. తాత కుర్రాడిగా ఆడినప్పుడు ఒక్కసారి ఎర్ర సిరా పడింది. ఆ తర్వాత మళ్లీ లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ అవకాశం వచ్చింది. చివరి మ్యాచ్ మా గ్రౌండ్‌లోనే. గెలిస్తే పైకి. సరిగ్గా ఆ వారమే జెర్సీలు ఉతికే వంతు మా ఇంటికి వచ్చింది!

అక్కడ టీమ్ జెర్సీలన్నీ ఒకే సంచిలో వేసి, వారానికో ఇంటికి ఇచ్చేవారు. అమ్మ ఆ సంచిని పెళ్లివారి బట్టలు వచ్చినంత భయంగా అందుకుంది. తెల్ల జెర్సీలు... మెషీన్‌లో వేసినా గడ్డి మరకల చాయ పోలేదు. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న నీలిమందు సీసా తీసింది. ఒక మూత వేసింది, చాల్లేదని ఇంకో మూత, ఆపైన ఇంకోటి. గంజి కూడా పెడతానంటే నాన్నే ఆపారు.

బయట వాన. బేస్‌మెంట్‌లో పసుపు బల్బు కింద ఆరేశాం. అక్కడ మల్లెపూలలా కనిపించాయి.

ఆదివారం ఎండలో సంచి విప్పితే... అన్నీ లేత నీలం! ఎదురుగా వచ్చిన టీమ్ జెర్సీలు కూడా లేత నీలమే.

రిఫరీ రెండు టీమ్‌లనూ పక్కపక్కన నిలబెట్టి చూసి, ఇలా ఆడనివ్వనన్నారు. మా ఊరికి రెండో సెట్టు లేదు. ప్రాక్టీస్ బనియన్లకు నంబర్లు లేవు. మ్యాచ్ ఆడకపోతే ఓడినట్టే. అమ్మ ముఖం చూడలేకపోయాను. నా వేలు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు సెప్ తాత క్లబ్ గదిలోకి వెళ్లారు. ఆ గదిలో ఒక అద్దాల బీరువా ఉండేది. పిల్లల్ని దాని దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. ఆయన తాళం తీశారు. ఎర్ర సిరా ఏడాది జెర్సీలు... పదకొండు. ముదురాకుపచ్చ రంగు, దళసరి బట్ట, వీపు మీద చేత్తో కుట్టిన అంకెలు.

మా వాళ్లు అవి వేసుకుని గ్రౌండ్‌లోకి దిగుతుంటే గొడవంతా ఆగిపోయింది. ముసలివాళ్లు టోపీలు తీసేశారు. ఎందుకో నాకు అర్థంకాని వయసు.

గెలవలేదండీ. ఒకటి ఒకటి. ఆఖర్లో నాన్న దిగారు... ఎవరో విప్పిచ్చిన చెమట జెర్సీ పొట్ట దగ్గర బిగుసుకుపోతుంటే, పరిగెత్తారు పాపం. మేం ఆ మెట్టు మీదే ఉండిపోయాం.

అమ్మ సరాసరి తాత దగ్గరికి వెళ్లింది. జర్మన్ రాక తెలుగులోనే అనేసింది.

"నా చేతులతోనే ఆగం జేసిన తాతా."

నాన్న ఆ మాట జర్మన్‌లో చెప్పారు. తాత కాసేపు అమ్మ చేతుల వైపే చూశారు.

"నా టీమ్‌ను ఇంకోసారి గడ్డి మీద చూస్తాననుకోలేదమ్మా" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

కొత్త సీజన్‌కు ఉతికేవాళ్ల జాబితా పెట్టారు. మా పేరు తీసేసి ఉంటారని అమ్మ అటు చూడనే లేదు. నేను చూశాను... మొదటి మ్యాచ్‌కు మా ఇల్లే.

ఇప్పుడు నేను ఎష్‌బోర్న్ అనే పట్నంలో ఆఫీసు అద్దాల మధ్య బతుకుతున్నాను. పోయిన నెల అమ్మతో కలిసి ఆ ఊరు వెళ్లాను. సెప్ తాత లేరు. ఆటగాళ్లు చాలక పక్క ఊరి టీమ్‌తో కలిపేశారట. జెర్సీలు లాండ్రీకి వెళ్తున్నాయి, స్కోర్లు ఫోన్‌లో వస్తున్నాయి. నోటుపుస్తకం మాత్రం తాతతోనే ఆగిపోయింది.

అద్దాల బీరువా అక్కడే ఉంది. ఆకుపచ్చ జెర్సీల పక్కన లేత నీలం జెర్సీ ఒకటి వేలాడుతోంది... కింద చిన్న చీటీ, తాత చేతిరాత. ఆ మ్యాచ్ తేదీ, స్కోరు, ఉతికినవారి పేరు.

అమ్మ పేరు ఎర్ర సిరాతో ఉంది.

అమ్మ అద్దం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. ఫోన్‌లో వచ్చే స్కోరు కింద ఉతికినవాళ్ల పేరు ఎవరు రాస్తారు చెప్పండి... మీ ఊరి ఆటల్లో అలా తెర వెనుక చాకిరీ చేసినవాళ్లు ఎవరైనా గుర్తున్నారా? ఆ పేరొకటి కింద రాసి వెళ్లండి... ఇక్కడైనా ఉంటుంది.