సంజెవేళ చీకటి షాట్

దయ్యాల సినిమాలో దయ్యం కంటే ఎక్కువ భయపెట్టేవాడు నిర్మాత. మా నిర్మాత స్వయానా మా మామయ్య, అమ్మకు అన్నయ్య. చేపల చెరువుల మీద నాలుగు రాళ్ళు వెనకేసుకుని, నన్ను దర్శకుణ్ణి చేస్తానని పూనుకున్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆయన ఆఫీసులో కథ చెబితే, అంతా విని ఒక్కటే అడిగాడు.

"దయ్యం ఎప్పుడొస్తుందిరా?"

"చివర్లో మామయ్యా. అప్పటిదాకా గుమ్మమే చూపిస్తాం. లోపల ఏముందో జనమే ఊహించుకుని హడలిపోతారు."

"గుమ్మం చూడ్డానికి టిక్కెట్టెందుకురా? వాళ్ళిళ్ళల్లో లేవా గుమ్మాలు?"

ఈ ప్రశ్నకు నేను చదివిన సినిమా స్కూల్లో జవాబు చెప్పలేదు. నా పద్ధతిలో కెమెరా కదలదు, సంగీతం ఉండదు. చూసేవాడు 'ఇక చాలు, మార్చవయ్యా' అనుకున్నాక కూడా షాట్ మారదు. మామయ్య పద్ధతిలో పిల్లి వచ్చినా పిడుగు పడాలి, పాలు పొంగినా వయొలిన్లు ఏడవాలి.

షూటింగుకి పామర్రులో మా పిన్ని ఇల్లు తీసుకున్నాం. పిన్ని మామయ్యకు చెల్లెలు, బళ్ళో లెక్కల టీచరు. బాబాయి పోయి అప్పటికి ఏడాది కాలేదు. హాలు చివర ఆయన గది. సాయంత్రం వెలుగు తగ్గుతూ తగ్గుతూ ఆ గుమ్మం నల్లగా మిగిలిపోవాలి, నా సినిమా మొత్తం ఆ షాట్ మీదే నిలబడుతుంది. అది కుదిరితే దర్శకుణ్ణి. కుదరకపోతే చెరువుల దగ్గర మేత చల్లే మేనల్లుణ్ణి.

మొదటిరోజు పొగ వదిలితే, దోమల మందు మిషన్ వచ్చిందనుకుని పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "మా వైపు కూడా కొట్టండి బాబూ, కాలవగట్టున చంపేస్తున్నాయి" అన్నారు. నా భయానక వాతావరణానికి ఊళ్ళో దక్కిన మర్యాద అది.

ఆ తర్వాత రోజూ షాట్ పెట్టేసరికి పిన్ని బడి నుంచి వచ్చేది.

"సంజెవేళ ఇల్లు చీకటి చేస్తారట్రా ఎవరన్నా? లక్ష్మీదేవి వచ్చే వేళ!"

ముందు బాబాయి గదిలో, తర్వాత హాల్లో, వంటింట్లో లైట్లన్నీ టపటపా వేసేసేది. ఆ వెలుగులో మా దయ్యం వేషం కట్టిన అమ్మాయి పేరంటానికొచ్చిన ముత్తైదువలా కళకళలాడేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆఖరిరోజు మామయ్యే బతిమాలాడు. "ఈ ఒక్కరోజూ లైట్ల జోలికెళ్ళకే చెల్లెమ్మా. వీడి బతుకంతా దానిమీదే ఉంది."

పిన్ని నా మొహం చూసి సరేనంది. కెమెరా వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది.

షాట్ మొదలైంది. హాల్లో వెలుగు మెల్లగా జారిపోయింది. గుమ్మం నల్లబడింది. మామయ్య కూడా పిడుగుల మాట ఎత్తలేదు. నేను లోలోపల పొంగిపోతూ, ఇంకాస్త, ఇంకాస్త అని ఆపకుండా సాగదీస్తున్నాను. అప్పుడు నా వెనక నుంచి పిన్ని, ఆ గదివైపే చూస్తూ, రోజూ అడిగే మనిషిలా మామూలుగా అడిగింది.

"ఏమండీ, లైటెయ్యనా?"

పిన్ని కొంగుతో నోరు నొక్కుకుంది. ఇన్నాళ్ళూ ఆ గదిలో ముందుగా లైటెందుకు వేసేదో నాకప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. కట్ చెప్పాల్సినవాణ్ణి నేనే, ఆ సంగతే మర్చిపోయాను.

మామయ్య లేచాడు. కెమెరాకి అడ్డంగా నడిచి, గోడ తడుముకుంటూ వెళ్ళి, బావగారి గదిలో లైటు వేశాడు.