సిమెంటుకు మందు

ఒక దీపావళి సాయంత్రం, ఒక కుక్క ప్రాణం కాపాడుతున్నానన్న గర్వంతో నేనే దాని ప్రాణం మీదికి తెచ్చాను. ఎర్రగుంట్లలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా దగ్గర జీతం కన్నా అనుమానం ఎక్కువగా ఉండేది. తప్పు పూర్తిగా నాది కాదేమో (అని రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తున్నాను: పూర్తిగా నాదే). సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర నా పని. వచ్చిన ప్రతి లారీనీ తూచాలి. క్లీనరు క్యాబిన్‌లో నక్కి ఉన్నాడా, బరువు కోసం బొగ్గు మీద నీళ్లు కొట్టారా అని చూడాలి. నవ్వుతూ పలకరించే డ్రైవరు లారీని రెండుసార్లు తూచమని మా సీనియర్ నేర్పాడు. ఆ పాఠాన్ని నేను డ్యూటీ అయ్యాక ఇంటికి కూడా మోసుకొచ్చేవాణ్ని.

నేను అద్దెకున్నది ఒక ముసలావిడ ఇంట్లో, మేడ మీది గదిలో. వీధంతా ఆమెను అవ్వ అనేది. ఆమె పెంచుకున్న కుక్క పేరు సిమెంటు (పుట్టుకతో తెల్లదే, అక్కడి గాలి దాని రంగు మార్చేసింది). ఒంటరి అవ్వకు మాటకు మాట చెప్పే మనిషి లేడు కాబట్టి, ఆమె మాటలన్నీ ఆ కుక్కే వినేది. పక్కింట్లో రైల్వేలో పనిచేసి రిటైరైన మామ ఉండేవాడు. "ఈ కుక్క మొరుగుడుకు కన్ను మూతపడకుండా ఉండాది" అని రోజూ గొణిగేవాడు. ఎప్పుడు చూసినా ఎర్రగా మండిపడుతుంటాడని ఆయనకు సిగ్నల్ మామ అని పేరు పెట్టుకున్నాను, మనసులోనే.

పండగ దగ్గర పడిన ఒక పొద్దున, గోడ అవతల మామ ఫోన్లో మాట్లాడడం విన్నాను. "పండగ పొద్దు దానికి మందు పెడ్తా. సద్దు లేకుండా పడుంటాది. అవ్వకు చెప్పాకు, చెప్తే ఒప్పుకోదు."

ఆసుపత్రిలో ఇచ్చేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సీసాలో తాగేదీ మందే, టపాకాయలో కూరేదీ మందే. కానీ ఇవ్వడం వేరు, పెట్టడం వేరు. మందు పెట్టారంటే మా వైపు ఎవరూ డాక్టరును తలచుకోరు.

అప్పటి నుంచి మామను కాటా మీద లారీని చూసినట్టు చూశాను. మర్నాడు ఆయన పాత గోతాలు దులుపుతూ కనిపించాడు.

"ఏం మామా, గోతాలెందుకు?"

"పండక్కు."

"పండక్కు గోతాలా?"

"నీకెందుకప్పా? నువ్వు తూకమెయ్యాల్సింది ఫ్యాక్టరీలో గదా, ఈడ గాదు."

గోతాలు దేనికో నాకు అప్పుడే అర్థమైపోయింది. మూట కట్టడానికి. (నా తెలివి మీద నాకు అంత నమ్మకం మళ్లీ ఎన్నడూ కలగలేదు.)

దీపావళి నాడు చీకటి పడకముందే, అవ్వ గుడికి వెళ్లిన అదను చూసి మామ వచ్చాడు. ఏటకూర కలిపిన అన్నం గిన్నె మా గేటు లోపల పెట్టి, నీళ్ల కోసం వెనక్కి వెళ్లాడు. నేను ఒక్క ఉదుటున మెట్లు దిగి అన్నం మోరీలో పారబోసి, సిమెంటును మేడ మీదికి ఎత్తుకెళ్లి నీళ్ల ట్యాంకు పైపుకు కట్టేశాను. ఇక దీని దగ్గరికి ఏ మందూ రాదనుకున్నాను. టపాకాయల మందు సంగతి తట్టనే లేదు.

కిందికి దిగి, దీపాలు పెడుతున్న నాలుగిళ్ల వాళ్ల ముందర మామను నిలదీశాను. అవ్వ కూడా అప్పుడే గుడి నుంచి వచ్చింది.

"మామా, ఆ గిన్నెలో ఏం కలిపినారో అందరి ముందరా చెప్పండి."

"మందు."

"విన్నారా?" అన్నాను జనం వైపు తిరిగి.

"పశువుల డాక్టరు ఇచ్చిన మందప్పా," అన్నాడు మామ. "సద్దుకు బెదరకుండా ఉంటాదని. అవ్వకు ఇంగ్లీషు మందులంటే భయం, అందుకే చెప్పలే. మా ఇంట్లో వెనక గదిలో కిటికీలకు గోతాలు కట్టి పెట్టినా. పోయినేడు అది వణికి వణికి మంచం కింద దూరితే రెండు దినాలు కూడు ముట్టలే, మేమే సూడలేకపోతిమి. ఇంతకీ కుక్క యాడ?"

నేను చెయ్యి పైకెత్తి మేడ చూపించాను. సరిగ్గా అప్పుడే ఎవరో వదిలిన రాకెట్ ట్యాంకు మీద పగిలింది. మేము మెట్లెక్కేలోగా సిమెంటు మా కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. పైన కొరికేసిన తాడు ముక్క మాత్రమే మిగిలింది. అది పరుగెత్తింది రైలు పట్టాల వైపు.

అవ్వ గేటు పట్టుకుని, "సిమెంటూ, ఓ సిమెంటూ" అని పిలుస్తూ నిలబడిపోయింది. దారిన పోయేవాళ్లు నవ్వుకుంటూ వెళ్లారు, ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారనుకుని.

టార్చిలైటుతో మామ ముందు, నేను వెనక. పట్టాల పొడవునా గూడ్సు బండి కూత వినిపించినప్పుడల్లా ఆయన ఆగి, లైటు పట్టాల మీద వేసి చూసేవాడు. చివరికి ఒక కల్వర్టు కింద అది వణుకుతూ కనిపించింది. నేను చెయ్యి చాపితే ఇంకా లోపలికి జరిగింది. మామ కింద కూలబడి, "రాయే, నేనే గదా, రా" అంటే పొట్ట నేలకు రాసుకుంటూ వచ్చి ఆయన ఒళ్లో తల దాచుకుంది. ఇన్నాళ్లూ గొణిగిన మనిషి చొక్కాతో దాని మూతి తుడిచాడు.

తెల్లారి క్షమించమని అడగడానికి వెళ్తే మామ అన్నాడు, "నాకు చెప్పి ఏం లాభం? నలుగురి ముందర అంటివి, నలుగురికీ పోయి చెప్పు." ఇంటింటికీ వెళ్లాను. "మామ కుక్కకు విషం పెట్టలేదండీ" అంటే, ముందురోజు ఏమీ విననివాళ్లు కూడా, "విషమా? ఎవురికి?" అని గుమ్మంలోకి వచ్చారు. నేను కాదన్న కొద్దీ కథ పెరిగింది. ఒకాయన గొంతు తగ్గించి, "ఎంతిచ్చినాడప్పా ఇట్ల చెప్పమని?" అన్నాడు. సాయంత్రానికి మామే వచ్చి, "సాలప్పా, ఇంక నన్ను మంచోన్ని జెయ్యాకు" అని చేతులు జోడించాడు.

నోటితో దిద్దలేని తప్పును కూచుని దిద్దుకున్నాను. ఎర్రగుంట్లలో ఉన్నన్నాళ్లూ ప్రతి దీపావళికి డ్యూటీ మార్చుకుని, అవ్వను ముందే ఒప్పించి, డాక్టరు చెప్పినంతే మందు నా చేతులతో అన్నంలో కలిపి, సిమెంటుతో పాటు మామ గదిలోనే ఉండిపోయేవాణ్ని. మొదట్లో అది మామ వైపే పడుకునేది, నా మీద ఒక కన్నేసి. వేరొకరి అనుమానం మోయడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. చివరికి ఒక ఏడు, బయట సీమటపాకాయల సరం ఆగకుండా పేలుతుంటే, లేచి వచ్చి నా పాదాల మీద బరువంతా వేసి పడుకుంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. వీధి సద్దుమణిగేదాకా నేను కదల్లేదు.