పెన్నులు కింద పెట్టండి

ఉద్యోగ విరమణకు ముందు సంవత్సరం, మార్చి నెలలో, కోవిల్‌పట్టిలోని ఒక ఉన్నత పాఠశాలకు నన్ను బి.ఎడ్. ప్రాక్టికల్ పరీక్షకు ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. విరుదునగర్ దగ్గర టీచర్లను తయారుచేసే కాలేజీలో లెక్కలు ఎలా చెప్పాలో చెప్పడం నా పని. లెక్కలు రావడం వేరు, చెప్పడం రావడం వేరు అని నా సర్వీసంతా అరిచాను. విన్నవాళ్ళు కొందరే.

ఈ పరీక్ష గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. టీచరు కావాలనుకునేవాళ్ళు నిజమైన తరగతిలో, నిజమైన పిల్లలకు ఒక పాఠం చెప్పాలి. వెనక బెంచీలో యూనివర్సిటీ పంపిన కన్వీనరు, ఆయన పక్కన కాలేజీ తరఫున నాలాంటివాడు కూర్చుంటారు. ముందే రాసి ఆమోదం తీసుకున్న లెసన్ ప్లాన్ ప్రకారం పాఠం నడవాలి. అది నడుస్తున్నంతసేపు ఇంటర్నల్ నోరు విప్పకూడదు, సైగ కూడా చేయకూడదు. చివర ఇద్దరి సంతకాలూ పడితేనే మార్కు చెల్లుతుంది. ఇద్దరికీ కుదరకపోతే సంగతి యూనివర్సిటీకి వెళుతుంది, రిజల్టు ఆగిపోతుంది.

ఆ రోజు మొదటి పాఠం వీరలక్ష్మిది. ఏళాయిరంపన్నై అమ్మాయి. అప్లైడ్ మ్యాథమెటిక్స్, కంప్యూటింగ్‌లో ఎమ్మెస్సీ చేసి మా కాలేజీలో చేరింది. వాళ్ళింట్లోనూ మాలాగే తెలుగే. మా వైపు తెలుగు గడప లోపలి భాష, బయట అంతా తమిళమే. నేను తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నది కూడా నెత్తి నెరిశాకే. వీరలక్ష్మి తల్లి బాణసంచా ఫ్యాక్టరీలో పనిచేసేది. ఈ పరీక్ష పాసైతే జూన్‌లో చేర్చుకుంటామని ఊళ్ళో ఒక స్కూలు మాటిచ్చింది. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి.

తరగతిలోకి వెళ్ళేముందు వరండాలో నా దగ్గరికొచ్చి నిలబడింది.

"సార్, అమ్మకి మూచ్చు ఆడకుండా ఉండాది, శానా దగ్గుతాది. ఈ పరీచ్చ పోతే ఆమెకి బదులు ఫ్యాక్టరీకి నేనే పోవాల."

"బయపడొద్దమ్మా. నీకు తెలిసిందే కదా సెప్పబోయేది," అన్నాను. అంతకుమించి అనడానికి నాకు హక్కు లేదు.

పదో తరగతి, త్రికోణమితి. లంబకోణ త్రిభుజంలో కోణానికి ఎదురుగా ఉన్న భుజాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చేది సైన్. పిల్లలు దీన్ని పట్టికలో చూసి బట్టీ పడతారు. వీరలక్ష్మి తనే ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ల్యాప్‌టాప్‌లో కోణం వేస్తే తెరమీద సైన్ విలువ కనబడేలా ఏర్పాటు చేసుకుంది. పాఠం బాగానే మొదలైంది. మాట స్పష్టంగా ఉంది. తెరమీద ముప్పై అని వేసింది. సగం, అంటే 0.5 రావాలి.

మైనస్ 0.988 వచ్చింది.

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. కోణాన్ని బడిలో డిగ్రీల్లో కొలుస్తారు. పై చదువుల్లో రేడియన్లు అని వేరే కొలత, అర్ధవృత్తానికి π (పై) రేడియన్లు. కంప్యూటరు కోణమంటే రేడియన్లనే అనుకుంటుంది. ఎమ్మెస్సీలో రేడియన్లకు అలవాటుపడ్డ వీరలక్ష్మి ప్రోగ్రామూ అలాగే రాసుకుంది. ముప్పై డిగ్రీలను పై బై సిక్స్ అంటే పిల్లలకు తెలియదని ఆ ఉదయమే కోణం డిగ్రీల్లో వేసేలా మార్చింది గాని, డిగ్రీలను రేడియన్లు చేసే గుణకారం రాయడం మరిచిపోయింది. సున్నా వేసి చూసుకుందట. సున్నా ఏ కొలతలోనైనా సున్నాయే కదా, సరిపోయింది. పదో తరగతి పిల్లవాడు ఈ తప్పు చేయమన్నా చేయలేడు. దీనికి మా చదువే చదవాలి.

అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. పిల్లలందరూ తలలు వంచి ఆ మైనస్ 0.988ని శ్రద్ధగా నోటుల్లోకి ఎక్కించుకుంటున్నారు. ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. కన్వీనరుగారి పెన్సిలు కదిలింది.

వీరలక్ష్మి నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. తీగ లాగేసి, మెషిను పాడైందని చెప్పి నల్లబల్ల మీద సాగించవచ్చు. చాలామంది అదే చేస్తారు. నేనైతే అదే చేసేవాణ్ణి.

ఆమె తెరను అలాగే వదిలేసింది. "పెన్నులు కింద పెట్టండి," అంది తమిళంలో. భుజం పొడవు ఎక్కడైనా మైనస్ ఉంటుందా అని అడిగింది. చెక్క కోణమానిని తీసుకుని నల్లబల్ల మీద ముప్పై డిగ్రీల లంబకోణ త్రిభుజం గీసింది. ఒక అమ్మాయిని పిలిచి ఎదురు భుజాన్నీ కర్ణాన్నీ కొలిపించింది. ఇరవై, నలభై. సగం. అప్పుడు వెనక నుంచి ఎవరో, కంప్యూటరే తప్పు టీచర్, అన్నారు.

"కంప్యూటరు తప్పు కాదు. నేను అడిగిన తీరు తప్పు," అంది వీరలక్ష్మి. ఒక్క వరుస దిద్ది మళ్ళీ ముప్పై వేసింది. 0.5 వచ్చింది. పాత సంఖ్య కొట్టేసి దీన్ని రాసుకోమని చెప్పి, వరసల మధ్య తిరిగి ఒక్కొక్కరి నోటూ చూసింది. ఈలోపు గంట కొట్టారు. లెసన్ ప్లాన్‌లో ఇంకా సగం మిగిలే ఉంది.

స్టాఫ్ రూంలో కన్వీనరుగారు పెన్సిలుతో వేసిన మార్కులు చూపించారు. ఫెయిలు. ప్లాన్ తప్పింది, బోధనోపకరణం పనిచేయలేదు, పైగా పిల్లల ముందు తప్పు తనదేనని ఒప్పుకుంటే రేపు వాళ్ళు టీచరును లెక్కచేస్తారా, అన్నారు. నాకు కోపం వచ్చింది. సంతకం పెట్టనని అనబోయి నాలుక కరుచుకున్నాను. నా పంతం వల్ల రిజల్టు ఆగితే పోయేది ఆ పిల్ల జూనే. మార్కులు సిరాతో వేసేముందు అమ్మాయిని ఒక్క మాట అడగమని మాత్రం కోరాను. అడిగే అధికారం ఆయనకుంది.

ఆయన పిలిపించారు. మెషిను ఎందుకు ఆపేయలేదని అడిగారు.

చేతులకు సుద్దతోనే నిలబడి చెప్పింది. "ఆపేస్తే తప్పు తెర మీంచి పోయేది సార్. పిల్లల నోటుల్లో ఉండిపోయేది."

ఆయన మార్కుల కాగితం దగ్గరికి లాక్కున్నారు. తర్వాత నన్ను రబ్బరు ఉందా అని అడిగారు. ఉపకరణం కింద వేసిన మార్కు ముట్టుకోలేదు. అది న్యాయమే, పరికరాన్ని సరిగ్గా పరీక్షించకుండా తరగతికి తేవడం తప్పే. తరగతి నిర్వహణ కింద ఉన్నదాన్ని చెరిపి సిరాతో వేరే అంకె వేశారు. బొటాబొటిగా పాసు. ఇద్దరం సంతకాలు చేశాం.

వీరలక్ష్మి జూన్‌లో ఉద్యోగంలో చేరింది. తల్లి ఫ్యాక్టరీ మానేసింది.

ఆ తర్వాత మిగిలిన నా సర్వీసులో ప్రోగ్రామును సున్నాతో పరీక్షించవద్దని ప్రతి బ్యాచికీ చెప్పాను. అది ఎవరైనా చెప్పగలరు. రెండోది నేను వీరలక్ష్మి దగ్గర నేర్చుకున్నాను. పాఠంలో తప్పు దొర్లినప్పుడు వెనక బెంచీలో రాసుకుంటున్నవాడి వైపు చూడకూడదు. ముందు బెంచీల్లో రాసుకుంటున్నవాళ్ళ వైపు చూడాలి.