తగు చర్య నిమిత్తం

గుమాస్తా గురునాథరావుకి పైనుంచి వచ్చిన కాగితమంటే కిందికి పంపాల్సిందే. 1981లో, స్త్రీల హక్కుల కోసం దేశం సంతకం చేసిన అంతర్జాతీయ ఒప్పందం ప్రతి ఢిల్లీ నుంచి హైదరాబాదుకీ, అక్కణ్ణించి మద్దిలపాలెం సర్కారు ఆఫీసులోని ఆయన బల్ల మీదికీ వచ్చింది. చదవకుండానే, వేలు తడిచేసుకుని పేజీ తిప్పి, "తగు చర్య నిమిత్తం" అని స్టాంపు గుద్దాడు. అప్పుడే వరండాలో తపాలా బంట్రోతు వరహాలు, ఆఫీసు ఊడ్చే తన పెళ్ళాం తాయారుని జుట్టు పట్టి స్తంభానికేసి కొట్టాడు. పెదవి చిట్లిన ఆమె లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"బాబూ, ఆడు నన్ను సంపేత్తన్నాడు. పోలీసులకి రాయండి."

గురునాథరావు గుండ్రటి అక్షరాలతో ఫిర్యాదు రాశాడు. నోరు తుడుచుకున్న బొటనవేలితోనే ఆమె ముద్ర వేసింది, సిరా అక్కర్లేకపోయింది. ఆయన స్టాంపు గుద్ది, కవరంటించి, రోజూలాగే గంట కొట్టాడు.

వరహాలు వచ్చి తపాలా పుస్తకంలో సంతకం పెట్టాడు.

"పోలీస్ టేషన్‌కేటి బాబూ? నానట్టుకెళ్తాను," అన్నాడు, తాయారునే చూస్తూ, నడుం బెల్టు విప్పుతూ.

గురునాథరావు తర్వాతి కాగితం కోసం వేలు తడిచేసుకున్నాడు.