మల్లేశన్న అడిగిన కొసరు

శామీర్‌పేట చెరువు గట్టున ఆరేసిన వలకు సీసపు గుండ్లు కనబడితే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. చేపలు పట్టే మల్లేశన్న మర్నాడు తెల్లారే వల వేయాలి, చీకటి పడేలోగా సీసం కరిగించి దానికి గుండ్లు పోసుకోవాలి. మా బొగ్గుల కొట్లో తట్టెడు బొగ్గులు కొని, అలవాటుగా కొసరు అడిగాడు. ఆ పూట తూకం నాదే, నేను వెయ్యలేదు.

"లెక్క చేసిన అన్నా. మూడొందల ఇరవై ఏడు డిగ్రీలకు సీసం కరుగుతది. గంత వేడికి గీ బొగ్గులు సాలు."

"మీ బాపు ఎన్నడన్న గిట్ల లెక్క జేసిండా బిడ్డా?"

నా లెక్క నిరూపించాలని వెంట వెళ్లాను. మూకుట్లో సీసం అంచుల దగ్గర కరిగి ఆగిపోయింది. నడుమ గడ్డ కదలదు. బొగ్గులు బూడిదవుతున్నాయి, పొద్దు వాలుతోంది.

"రేపు నా వల నీళ్ల మీద తేలుతది, శాపలు నవ్వుతయి," అంటూ మల్లేశన్న తాను కూర్చున్న పీటను విరిచి పొయ్యిలో పెట్టాడు. గడ్డ కరిగింది.

ఇంటికొచ్చి పుస్తకం తిప్పితే లెక్కకు రెండో సగం కనబడింది: వేడెక్కడానికి కొంత వేడి, ఆ తర్వాత కరగడానికి మరికొంత. నేను కొసరు వెయ్యకుండా మిగుల్చుకున్నది ఆ మరికొంతనే.

మర్నాడు కొట్లో నేను కూర్చునే పీట ఆయనకిచ్చేశాను. ఆ ఏడాదంతా నిలబడే బొగ్గులు తూచాను, ప్రతిసారీ కొసరు వేసి.