రేడియం బాబాయి

మా బాబాయి దర్జీ. ఆయన కుట్టిన బట్టల్లో మనిషి అందంగా కనిపిస్తాడని ఎవరూ అనలేదు గానీ, చీకట్లో మాత్రం రెండు ఫర్లాంగుల నుంచే కనిపిస్తాడు. లైటు పడితే తళుక్కుమనే రేడియం పట్టీ ఒకటి, అడిగినా అడక్కపోయినా, ప్రతి బట్టకూ కుట్టేసేవాడు. ఊరంతా ఆయన్ని రేడియం అనేది. పగలు లైబ్రరీలో పనిచేసి, సాయంత్రాలు ఆయన షాపులో బొత్తాలు కుట్టే నన్ను రేడియం గారి అన్న కూతురు అనేది. నాకూ ఒక పేరుందన్న సంగతి చాలామందికి తెలియదు.

కొలతల ముందు ఆయన అడిగే మొదటి ప్రశ్న నడుము గురించి కాదు.

“ఇంటికి ఏ దారిన వెళతావు?”

“ఎందుకండీ?”

“రోడ్డుకి ఏ పక్కన నడుస్తావు?”

“చొక్కా కుట్టించుకోడానికి వచ్చానండీ.”

“చొక్కా కూడా నీతో పాటే నడుస్తుంది కదా. చెప్పు.”

చెప్పిందంతా కొలతల పుస్తకంలో గిలికేవాడు. ఆ గిలుకుడు ఆయనకు తప్ప నరమానవుడికి అర్థం కాదు. ఊళ్ళోవాళ్ళ ఆరాలు ఈయనకెందుకని పిన్ని నెత్తి కొట్టుకునేది.

ఇంట్లో పిల్లి మెడకూ పట్టీ కట్టాడు. ఆ తర్వాత అది ఎలుకను పట్టిన దాఖలా లేదు.

ఒకసారి పెళ్ళికొడుకు కోటుకు కుట్టాడు, ఛాతీ మీద అడ్డంగా. ఫోటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టినప్పుడల్లా పట్టీ భగ్గుమంది. ఆల్బమ్ నిండా పెళ్ళికూతురి పక్కన వెలుగే తప్ప వరుడు లేడు. పెళ్ళికొడుకు తండ్రి ఆల్బమ్ పట్టుకుని షాపు మీదికొచ్చాడు.

“ఏమయ్యా, పెళ్ళికోటుకి ఇదేంటి?”

“అబ్బాయి రాత్రిపూట నడిచి వెళతాడేమోనని.”

“పెళ్ళికొడుకు నడిచెందుకు వెళతాడయ్యా?”

“పెళ్ళయ్యాక ఎవరి పరిస్థితి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసండీ!”

ఆ దెబ్బతో బేరాలు తగ్గిపోయాయి. షాపు ఇవాళో రేపో మూతపడేలా ఉన్నప్పుడు, బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి అరవై నల్ల యూనిఫారాల ఆర్డరు వచ్చింది. “నలుపంటే నలుపే. ఇంకో రంగు పోగు కనబడినా మొత్తం వెనక్కి పంపేస్తా” అన్నాడు మేనేజరు. ఆయన వెళ్ళగానే పిన్ని కత్తెర లాక్కుంది.

“ఈ ఆర్డరు చేజారితే షాపుకి తాళమే. పట్టీ కుట్టనని నా మీద ఒట్టెయ్యండి.”

“ఒట్టు. పట్టీ కనబడదు.”

“కనబడదని కాదు, కుట్టనని చెప్పండి.”

“కనబడదన్నానుగా.”

ఆయనతో వాదించి గెలవడం పిన్ని వల్ల కూడా కాదు. కత్తెర ఇచ్చేసింది.

మేనేజరు అరవై జతలూ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. నలుపే. ఇంకో వంద జతలకు మాటిచ్చి వెళ్ళాడు. రెండు వారాలు మా ఇంట్లో అందరూ కడుపు నిండా నవ్వారు. మూడో వారం ఒక పొద్దున్న మేనేజరు మళ్ళీ వచ్చాడు, చేతిలో ఒక ప్యాంటుతో.

“నిన్న సాయంత్రం వాన. వీధి దీపాలు లేవు. మలుపు దగ్గర కారు తిప్పబోయాను. ఎదురుగా నేలకి జానెడు ఎత్తులో ఎనిమిదో పదో తెల్ల గీతలు నడుచుకుంటూ పోతున్నాయి. మనుషులు మాత్రం లేరు.”

“ఊఁ” అన్నాడు బాబాయి.

“బ్రేకేసి దిగితే, మా ప్యాకింగ్ సెక్షను వాళ్ళు!”

ప్యాంటు అంచు పైకి మడిచి చూపించాడు. లోపలివైపు రేడియం పట్టీ. ఫ్యాక్టరీ గేటు దాటగానే అంచు ఒక మడత పైకి తిప్పుకోమని బాబాయి అందరికీ చెప్పాడట. అరవై మందీ కిక్కురుమనలేదు. పిన్ని అలాగే స్టూలు మీద కూలబడింది.

“పైగా దీనికి వెనకాల ఉంది, ఇంకోదానికి ముందు, మరోదానికి చుట్టూ. ఒక పద్ధతీ పాడూ లేదా?” అన్నాడు మేనేజరు.

బాబాయి కొలతల పుస్తకం తెరిచాడు. “ఈవిడ బళ్ళకి ఎదురుగా నడుస్తుంది, అందుకని ముందు. ఇతనికి వంతెన మీద వెనక నుంచి లారీలు వస్తాయి. ఈ ముగ్గురివీ సైకిళ్ళు. కాళ్ళు తిరుగుతుంటే ఎటునుంచైనా మెరవాలి.”

అరవై మంది ఇళ్ళకు వెళ్ళే దారులు ఆ గిలుకుళ్ళలో ఉన్నాయి. ఇన్నాళ్ళూ చాదస్తమని నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

“నన్నొక మాట అడగొచ్చుగా?” అన్నాడు మేనేజరు.

“అడిగితే వద్దంటారు. వద్దన్నాక కుడితే తలబిరుసు అవుతుంది.”

మేనేజరు ఆ ప్యాంటు అంచు మడత విప్పి, మళ్ళీ పట్టీ కనబడేలా మడిచాడు. “దాచే ఖర్మెందుకు? పైకే కుట్టండి. అన్నిటికీ. ఎన్ని రోజులు?”

పిన్నికి ప్రాణం లేచొచ్చింది. “రేపే ఇచ్చేస్తామండీ!”

“మూడు రోజులు” అన్నాడు బాబాయి. “ప్యాంట్లు నా దగ్గరుంటే వాళ్ళు పట్టీ లేకుండా నడవాలి. కాబట్టి ఆ మూడు రోజులూ పొద్దుండగానే ఇంటికి పంపాలి మీరు. జీతం కోయకుండా.”

పిన్ని కళ్ళు మూసుకుంది. ఆర్డరు పోయిందనే నేనూ అనుకున్నాను.

“సరే” అన్నాడు మేనేజరు.

మూడో రోజు సాయంత్రం మేనేజరు ఫోన్ చేసేసరికి పని మొత్తం అయిపోయింది. కిటికీ అవతల ప్యాకింగ్ సెక్షను వాళ్ళు ఎండలో కబుర్లు చెప్పుకుంటూ ఇళ్ళకు పోతున్నారు. బాబాయి వాళ్ళను కాసేపు చూశాడు.

“ఇంకో రోజు పడుతుందండీ. నల్లదారం అయిపోయింది” అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

నల్లదారం రీళ్ళ డబ్బా నా ఒళ్ళోనే ఉంది. నేను చప్పుడు కాకుండా మూత పెట్టాను. పిన్ని దాన్ని తీసుకెళ్ళి బీరువా వెనక దాచేసింది.