మూటలోని పనస తొనలు

పలమనేరు అడవి అంచున ఊరంతా ఆమెను ‘లద్దెల గురవమ్మ’ అంటారు. ఏనుగులు తన టమాటా తోటను తొక్కేసిన ఏడాదే ఆమె పరిశోధక విద్యార్థిని నిస్సీకి తోడుగా కూలికి కుదిరింది. ఏనుగులకు అడవి మేత సరిపోతోందా, తోటల మీద పడుతున్నాయా అన్నది నిస్సీ పరిశోధన. ఇద్దరూ ఏనుగు లద్దెలు విప్పి, అవి ఏం తిన్నాయో తెలిపే గింజలు ఏరుతారు.

వాన వెలిసిన ఆ ఉదయం దొరికిన లద్దె ఇంకా వెచ్చగా ఉంది. వెదురు నీడల్లోంచి మరో నీడ కదిలి, ఒంటరి ఏనుగైంది. తొండమెత్తి వాళ్లవైపే నడిచింది.

“అక్కా, మన మీదికే వస్తాండాది!” నిస్సీ గురవమ్మ చెయ్యి పట్టుకుంది.

గురవమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. తన భుజాన మాగిన పనస తొనల మూట!

“నా నాలిక పాడుగాను! పనస తెచ్చినాను పాపా,” అంటూ మూటను దూరంగా విసిరి, నిస్సీని బండ చాటుకు లాగింది.

ఏనుగు ఆగింది. చినుకులు కూడా ఆకుల మీదే ఆగినట్టున్నాయి. తొండంతో మూటను చించి, ఆ తీపినంతా నోట పెట్టుకుని, వెదురులోకి మళ్లింది.

నిస్సీ ఏడుస్తూనే నవ్వింది. “అల్లుడికి విందు పెట్టినావు గదక్కా!”

గురవమ్మ నవ్వలేదు.

“రేపు దీని లద్దెలో పనస గింజలుంటే, తోట మీద పడినాదని రాయబాక పాపా,” అంది చిరిగిన మూటగుడ్డ ఏరుకుంటూ. “పెట్టింది నేను.”